గంజి పోయి పాలిమర్ వచ్చె

సాంచా నడిపేటోళ్లకు ముందు ఒక లెక్క చెప్తా. పడుగులో ఒక పోగు తెగింది అనుకోండి. సాంచా ఆపాలి, తెగిన కొస వెతకాలి, ముడెయ్యాలి, హీల్డులోంచి ఫణిలోంచి మళ్ల గుచ్చాలి, సాంచా ఎత్తాలి. చెయ్యి తిరిగినోళ్లకైనా ఒక నిమిషం పడుతది. గంటకు పది పోగులు తెగితే పది నిమిషాలు. ఎనిమిది గంటల పాళీలో ఎనభై నిమిషాలు. నిమిషానికి 120 పేకలు కొట్టే సాంచా అయితే 9,600 పేకలు పోయినట్టు. అంగుళానికి 40 పేకల బట్ట అయితే 240 అంగుళాలు, అంటే 20 అడుగులు. ఒక్క సాంచా మీద, ఒక్క పాళీలో. మీటరు లెక్కన పగారు తీసుకునేటోనికి ఆ 20 అడుగులు ఎవరు కట్టియ్యాలి? మాలక్ కట్టియ్యడు. నూలు అమ్మిన సేటు కట్టియ్యడు. అది నేతగాని ఇంట్లో పప్పులోంచి, పాలలోంచి పోతది.

పోగు ఎందుకు తెగుతదంటే వంద కారణాలు చెప్తారు. నూలు మంచిది కాదంటారు, గాలి పొడిగా ఉందంటారు, నేతగానికి చెయ్యి రాదంటారు. చివరిది మాలకులకు చాలా ఇష్టమైన కారణం. నేను షోలాపూర్‌లో సైజింగ్ ఖాతాలో ముప్పై ఏండ్లకు పైగా చేసినోణ్ని. నాకు తెలిసినంతవరకు చాలాసార్లు తప్పు నూలుదీ కాదు, నేతగానిదీ కాదు. గంజిది. అందుకే ఈ నెల గంజి గురించి, గంజి జాగలో వచ్చిన పాలిమర్ బంకల గురించి రాస్తున్నా. ఇప్పుడు కారఖానాలో వీటిని బైండర్ అంటున్నారు. మన పిల్లలు డిప్లొమా చదివి ఇదే పేరు చెప్తారు. పేరు కొత్తది, పని పాతది: విడిపోయేదాన్ని పట్టి ఉంచుడు.

దారాన్ని వెలుతురుకు పెట్టి చూడండి. నున్నగా ఉండదు. సన్నని నూగు లేచి ఉంటది. నూలు అంటే పొట్టి పొట్టి పింజెలను మెలి తిప్పి పొడుగు చేసిందే గదా, కొసలు బయటికి లేస్తాయి. సాంచా మీద పడుగు పోగు ఊరికే ఉండదు. మొత్తం దారి బిగుసుకొని ఉంటది, హీల్డు దాన్ని పైకి కిందికి గుంజుతది, ఫణి ముందుకు వెనుకకు గీకుతది, పక్క పోగు నూగు దీని నూగుతో చిక్కుకుంటది. పేక పోగుకు ఈ కష్టం లేదు, అది నాడెలోంచి వచ్చి పడుకుంటది. అందుకే గంజి పడుగుకే పెడతాం. పడుగు మీద గంజి ఆరితే సన్నని పొరలాగా నూగును పోగుకే అణిచిపెడతది, లోపలి పింజెలను ఒకదానికొకటి అంటిస్తది. పోగు నున్నగా, గట్టిగా అవుతది. బట్ట నేసినంక ఆ పొర కడిగి పారేస్తాం. నాలుగు దినాల పనికి పెట్టే పూత. కాని అది లేకపోతే బట్టే లేదు.

ఇక పాలిమర్ అంటే ఏంది? భయపడే మాట కాదు. పింజెలు కలిసి నూలు ఐనట్టే, కంటికి కనబడని చిన్న చిన్న పూసలు వందలు, వేలు ఒకదానికొకటి పట్టుకొని పొడుగు గొలుసు ఐతే అది పాలిమర్. గొలుసు పొడుగ్గా ఉంటే చిక్కు పడతది, చిక్కు పడితే గట్టిదనం వస్తది. ఇట్లాంటి పెద్ద గొలుసులు ఉంటాయని జర్మనీలో హెర్మన్ స్టౌడింగర్ అనే ఆయన 1920లో రాస్తే తోటి పండితులే ఒప్పుకోలేదు. 1953లో ఆయనకే నోబెల్ బహుమతి ఇచ్చారు. మన గంజి కూడా పాలిమరే. అందులో పూస గ్లూకోజు. పత్తిలో పూస కూడా గ్లూకోజే! గొలుసులో పూసలు జోడించిన తీరు వేరు, అంతే. ఆ తీరు తేడాతోనే అన్నం మనకు అరుగుతది, ధోతి అరగదు. ఇద్దరూ ఒక్క ఇంటివాళ్లే కాబట్టి గంజి పత్తిని అంత గట్టిగా పట్టుకుంటది. ఈ చుట్టరికం గుర్తు పెట్టుకోండి, ముందుకు పోయినంక పని పడతది.

వాకిట్లో కుంచె, మిల్లులో సిలిండర్

మన పెద్దలు మిల్లుకు రాకముందు ఊళ్లో గంజి పని పొద్దుపొడువక ముందే చేసేటోళ్లు. వాడలో పడుగు పొడుగ్గా చాపి, గంజి పట్టించి, ఇంటిల్లిపాది అటు ఇటు నిలబడి కుంచెతో దువ్వేటోళ్లు. ఎండ ఎక్కితే గంజి తొందరగా ఆరి పోగులు ఒకదానికొకటి అంటుకుంటాయి, అందుకే తెల్లవారుజామున పని. మీద కొంచెం నూనె చెయ్యి. ఆ నూనె ఎందుకంటే ఆరిన గంజి పెళుసు, నూనె దాన్ని మెత్తబరుస్తది. గుంత మగ్గం కూడా ఊరికే తవ్వలేదు. నేల చెమ్మ పడుగుకు తగిలితే గంజి పెళుసెక్కదు.

గొంగళ్లు నేసేటోళ్లది ఇంకో తీరు. తెలంగాణలో కురుమలు, ఇక్కడ ధనగర్లు, ఇద్దరూ ఉన్ని పడుగుకు చింతగింజల అంబలి పట్టిస్తారు. మరాఠీలో దాన్ని ఖళ్ అంటారు. ఉన్ని నూలు పత్తి కంటే ఎక్కువ నూగు లేస్తది, పల్చని బియ్యపు గంజి దానికి ఆనదు. చింతగింజ జిగురు చిక్కనిది. జనపనార మిల్లుల్లో కూడా ఈ చింతగింజల పిండి వాడారు. ఊళ్లో మనం ఉమ్మేసిన గింజ మిల్లుకు పనికొచ్చిందన్నమాట.

షోలాపూర్‌లో మొదటి మిల్లు 1877లో వచ్చింది, మనమంతా జూనీ మిల్లు అనేది అదే. మిల్లు రాగానే వాడలో పడుగు చాపే పని సైజింగ్ మెషిన్ కిందికి పోయింది. చూడనోళ్లకు చెప్తా. వెనక పెద్ద పెద్ద వార్పింగ్ బీములు వరుసగా ఉంటాయి. వాటి పోగులన్నీ కలిసి ఒక దుప్పటిలాగా ఉడుకుతున్న గంజి పెట్టెలోకి దిగుతాయి. దాన్ని మేము సో బాక్స్ అనేవాళ్లం. లోపల మునిగి, రోలర్ల మధ్య పిండుకొని, ఆవిరితో కాలే పెద్ద సిలిండర్ల మీద ఆరి, అంటుకున్న పోగులను కడ్డీలు విడదీస్తే ముందు నేత బీము మీద చుట్టుకుంటాయి. పెట్టెలో వేడి 85 నుంచి 95 డిగ్రీలు. మక్క పిండి గింజ 70 డిగ్రీల అటూ ఇటూ ఉబ్బి పగులుతది, అప్పుడే గంజి చిక్కబడతది. ఉడకడం తక్కువైతే పోగు మీద పిండి రాలుతది. ఎక్కువసేపు ఉడికితే గొలుసులు తెగి పల్చబడతది, పట్టు పోతది. ఇది పుస్తకంలో చదువుకున్నది కాదు, రెండు వేళ్ల నడుమ గంజి సాగదీసి చూసుకున్నది.

ఆదివారం సెలవు. శనివారం మిగిలిన గంజి పెట్టెలోనే ఉంటే పులుస్తది. పులిసిన గంజి చూడటానికి గంజే, లోపల గొలుసులు పురుగులు కొరికేసి ఉంటాయి. దాన్నే మళ్ల కాచి సోమవారం నడిపించే సూపర్‌వైజర్లు ఉండేవాళ్లు. నేతఖాతావాళ్లు ఆ మాల్‌ని సోమవారం బీములు అని తిట్టేవాళ్లు. తిట్టు సైజింగువాళ్లకు తగిలేది, పిండి మిగిలిన లాభం ఇంకెవరికో.

ఎండాకాలం ఇంకో బాధ. గంజి పొర మెత్తగా ఉండాలంటే గాలిలో తేమ నూటికి 75, 80 ఉండాలి. మన ఊళ్లో ఏప్రిల్ గాలి తెలుసు గదా, పెదవులే పగులుతాయి, గంజి పగలదా? అందుకే మిల్లుల్లో నేతఖాతాలో నీటి తుంపర కొట్టేవాళ్లు. పోగు సుఖంగా ఉంటది, మనిషికి మాత్రం బట్ట ఒంటికి అంటుకొని ఊపిరాడదు. ఇంగ్లండులో ఈ గొడవ మనకంటే ముందు జరిగింది. 1861 నుంచి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం జరిగినప్పుడు అక్కడి పత్తి ఆగిపోయి, లాంకషైర్ మిల్లులు మన దేశపు పొట్టి పింజె పత్తితో నడిచాయి. దాన్ని వాళ్లు సూరత్ పత్తి అనేవాళ్లు. పొట్టి పింజె నూలుకు పట్టు తక్కువ, అందుకని గంజి దంచి పెట్టారు. తర్వాత అందులో దొంగతనం దూరింది: గంజిలో చీనా మట్టి కలిపి బరువు పెంచి అమ్ముడు. కొన్ని బట్టల్లో నూలు ఎంత బరువో పూత అంత బరువు. అంత పూత పగలకుండా ఉండాలని నేత షెడ్డులోకి ఆవిరి వదిలేవాళ్లు. కార్మికులు ఎదురు తిరిగితే 1889లో అక్కడి పార్లమెంటు షెడ్డులో తేమకు హద్దు పెడుతూ చట్టం చేసింది. గంజి మీద కూడా చట్టం చెయ్యాల్సి వచ్చిందంటే ఆ తెల్ల నీళ్లలో ఎంత సొమ్ముందో చూడండి.

పాలిస్టర్ వచ్చినంక

పాలిస్టర్ కలిసిన నూలు వచ్చినంక గంజి చుట్టరికం తెగిపోయింది. పాలిస్టర్‌లో గ్లూకోజు పూస లేదు, అది వేరే ఇంటి పిల్ల. గంజి దాని మీద ఆరుతది గాని పట్టుకోదు. సాంచా నాలుగు దెబ్బలు కొట్టగానే పొట్టులాగా రాలిపోతది.

నేను పనిచేసిన ఒక సైజింగ్ యూనిట్‌లో ఇదే జరిగింది. పేరు అవసరం లేదు. పాలిస్టర్ కలిపిన నూలు మొదటిసారి తెచ్చి, పాత మక్క గంజే పెట్టమన్నారు. మా జాబర్ వద్దన్నాడు, వినలేదు. బీములు సాంచాల మీదికి పోయినంక పోగులు చెట్టు ఆకుల్లాగా తెగినయి. నెల రోజులు నేతగాళ్ల పగారు సగానికి సగం పడింది, పైన బట్టలో దోషం ఉందని కోతలు కోసిండ్రు. ఒక ముసలాయన, చదువు లేనాయన, ఒక పని చేసిండు. వారం రోజులు తన సాంచా కింద రాలిన తెల్ల పొడి చీపురుతో ఊడ్చి కాగితంలో కట్టి పెట్టిండు. పగారు రోజు ఆ పొట్లం మాలక్ టేబుల్ మీద విప్పి, పక్కింటి కంపౌండర్ దగ్గర తెచ్చుకున్న టించర్ అయోడిన్ రెండు చుక్కలు వేసిండు. పొడి నీలంగా, నల్లగా అయింది. గంజి ఎక్కడున్నా అయోడిన్ తగిలితే నీలంగా మారుతది. "సేట్, నూలు మీద ఉండాల్సింది నేల మీద ఉన్నది. ఇందులో నా చెయ్యి తప్పేంది?" అన్నడు. కోతలు వాపసు వచ్చినయి. పోయిన మీటర్లు రాలేదు.

ఆ తర్వాతే అక్కడ పీవీఏ బస్తాలు దిగినయి. పీవీఏ అంటే పాలీవినైల్ ఆల్కహాల్. తాగే ఆల్కహాల్‌తో సంబంధం లేదు, పేరు చూసి ఆశపడకండి. దీన్ని 1924లో జర్మనీలో హెర్మన్, హేనెల్ అనే ఇద్దరు తయారుచేశారు. వినైల్ ఎసిటేట్‌తో ముందు ఒక గొలుసు కడతారు, తర్వాత ఆ గొలుసుకు వేలాడే ఎసిటేట్ ముక్కలను తీసేస్తారు. మిగిలేది నీళ్లలో కరిగే పాలిమర్. దాని పొర గంజి పొరలాగా పెళుసు కాదు, రబ్బరుకు దగ్గరగా సాగుతది. పత్తినీ పట్టుకుంటది, పాలిస్టర్‌నూ పట్టుకుంటది. గంజి కంటే తక్కువ పెడితే చాలు. ధర ఎక్కువ, కాబట్టి సాధారణంగా గంజి, పీవీఏ, కొంచెం ఎక్రిలిక్ కలిపి కాస్తారు. ఎవరి పాళ్లు వాళ్లవి, వంటింట్లో కూర మసాలాలాగా దాచుకుంటారు.

కొత్తగా చేరిన పిల్లలకు ఒక మాట. పీవీఏ పొడిని వేడి నీళ్లలో ఎన్నడూ పొయ్యొద్దు. పైపొర కరిగి లోపల పొడిగా ఉండలు కడతది, ఆ ఉండలు పోగు మీద పడితే ఫణిలో దూరవు. చల్లని నీళ్లలో కొంచెం కొంచెం చల్లుతూ తిప్పి, తర్వాత 90 డిగ్రీలకు పైగా తీసుకుపోవాలి. ఇంకోటి, నేల మీద పొడి పడి నీళ్లు తగిలితే జారి నడుం విరుగుతది.

షోలాపూర్ చద్దర్, తువ్వాలు చేసేటోళ్లు ఇక్కడ అడుగుతారు, మాకెందుకయ్యా ఇదంతా అని. నిజమే, రెండు పోగులు కలిపి మెలిపెట్టిన డబ్లింగ్ నూలు వాడేచోట గంజి అక్కర తక్కువ. ఆ మెలికే నూగును అణిచిపెడతది. టెర్రీ తువ్వాలులో రెండు బీములుంటాయి గదా, కింది పడుగుకు ఒకటి, ఉంగరాలు లేచే పడుగుకు ఒకటి. ఉంగరాల పడుగుకు పూత ఎక్కువైతే తువ్వాలు నీళ్లు పీల్చదు, ఒళ్లు తుడుచుకుంటే నీళ్లను అటు ఇటు నెడుతది. కొత్త తువ్వాలు రెండు మూడు సార్లు ఉతికితే గాని తుడవదని మన ఆడవాళ్లు అనేది ఉత్తమాట కాదు.

ఇంట్లో ఉన్నదంతా బంకే

పీవీఏ అన్న కొడుకు మీ ఇంట్లోనే ఉన్నాడు. ఎసిటేట్ ముక్కలు తియ్యకుండా ఉంచిన గొలుసు, అంటే పాలీవినైల్ ఎసిటేట్, నీళ్లలో తెల్లని పాలలాగా తేలుతుంటే అదే ఫెవికోల్ లాంటి తెల్ల బంక. ఫెవికోల్ 1959లో వచ్చింది. దానికి ముందు వడ్లోళ్లు ఎముకలు, తోళ్లు ఉడకబెట్టి తీసిన సరస్ వాడేటోళ్లు. పొయ్యి మీద కాచుకుంటూ పని చెయ్యాలి, కంపు వాడంతా కొట్టేది. తెల్ల బంకలో నీళ్లు ఆవిరైపోతే పాలిమర్ చుక్కలు ఒకదాంట్లో ఒకటి కరిగి పొర అవుతాయి, అంతే దాని కిటుకు. గోడకు వేసే ఎమల్షన్ రంగు కూడా ఇదే కిటుకు. ఉత్త సున్నం వేస్తే వీపు ఆనించినోని చొక్కా తెల్లగా అవుతది. అందులో బైండర్ పడితే కాదు.

ఇక చూసుకుంటూ పోతే అంతా ఇదే. యూనిఫారాలు కుట్టే మన పిల్లలు కాలర్‌లో పెట్టి ఇస్త్రీ చేస్తే అతుక్కునే బట్ట, దాని మీద చుక్కలు చుక్కలుగా ఉండేది కరిగే పాలిమరే. వెనకటి ఫణికి పళ్లు కీలు పూసి కట్టేవాళ్లు, ఇప్పటి ఇనుప ఫణికి ఎపాక్సీ. మిస్త్రీలు హైలం అనే గోధుమరంగు షీటు, శబ్దం చెయ్యని పళ్లచక్రాలు దాంతో కోసేవాళ్లు, అది ఏందనుకున్నారు? మనం నేసిన లాంటి నూలు బట్టే! పొరలు పొరలుగా ఫినాల్ రెజిన్‌లో తడిపి వేడి మీద ఒత్తితే ఇనుముతో పోటీపడే పలక అవుతది. ఆ షీటు చేసిన కంపెనీ హైదరాబాదుదే. ఆ రెజిన్ అన్నదమ్ముడు బేకలైటు, 1907లో అమెరికాలో లియో బేక్‌లాండ్ తయారుచేసింది, పాత కరెంటు స్విచ్చుల నల్ల ముక్క. బంక పెట్టనిది వెతికితే మన ఇండ్లలో బీడీ ఒక్కటే దొరికింది నాకు, దానికి ఆడవాళ్లు దారం కడతారు.

మీ జేబులో ఫోను బ్యాటరీ సంగతి వింటే ఇంకా ఆశ్చర్యం. బ్యాటరీ లోపల సన్నని రాగి రేకు మీద నల్లని గ్రాఫైటు పొడి పూస్తారు. పొడి రేకు మీద నిలబడాలంటే బంక కావాలి. ఎక్కువగా వాడేది సీఎంసీ, దానికి తోడు కొంచెం రబ్బరు పాలు. ఈ సీఎంసీ మాకు పాత స్నేహితుడు. పత్తి నూగులోనో, కర్రగుజ్జులోనో ఉండే సెల్యులోజును రసాయనంతో మార్చి నీళ్లలో కరిగేటట్టు చేసిందే సీఎంసీ. సైజింగ్‌లో గంజితో కలిపి వాడాం. రేకును బంక పెట్టెలోంచి తీసి ఆరబెట్టి చుట్టే మెషిన్ బొమ్మ మనవడు చూపిస్తే, ఇది మా సైజింగ్ మెషినే కదరా అన్నాను. పోగుల జాగలో రేకు ఉంది.

బంక తీసుకునే ధర

మంచి చెప్పినంక చెడు చెప్పాలి.

మొదటిది కాలుడు. ఉడుకు నీళ్లు పడితే జారిపోతాయి. ఉడుకు గంజి జారదు, చర్మానికి అంటుకొని లోపలికి కాలుస్తనే ఉంటది. నాతో చేసిన ఒకాయన మోచేతి దాకా సో బాక్స్‌లో పెట్టవలసి వచ్చింది, తెగిన పోగు రోలర్‌కు చుట్టుకుంటే మెషిన్ ఆపకుండా తియ్యమన్నందుకు. అక్కడున్నోళ్లు పసుపు, నూనె రాసిండ్రు. అట్ల రాయొద్దు. ధారగా చల్లని నీళ్లు ఇరవై నిమిషాలు పొయ్యాలి. గంజి నీళ్లతోనే వదులుతది. గుంజి తీస్తే చర్మం వస్తది. ఐసుగడ్డ పెట్టొద్దు. తర్వాత దవాఖాన.

రెండోది గంజి పులవకుండా వేసే మందు. ఒకప్పుడు పెంటాక్లోరోఫినాల్ అనే విషం విరివిగా వేసేవాళ్లు. జర్మనీ 1989లో దాన్ని నిషేధించింది. మన దేశపు బట్టలు అక్కడ పరీక్షలో పట్టుబడతాయని ఎగుమతిదార్లలో గుబులు పుట్టినంక ఇక్కడ డబ్బాలు మారినయి. నాకు గుచ్చుకునేది ఒకటే. మా చేతులు ఆ నీళ్లలో ఎన్ని ఏండ్లు నానినా మారని డబ్బా, అవతల దేశం కొనుగోలుదారు వద్దనగానే మారింది.

మూడోది రంగు అచ్చు బైండర్. పిగ్మెంట్ ప్రింటింగ్ అంటే రంగు పత్తిలోకి దిగదు, ఎక్రిలిక్ బైండర్ పొర దాన్ని బట్ట మీద పట్టి ఉంచుతది. అద్దినంక 150 డిగ్రీల దగ్గర మూడు నుంచి ఐదు నిమిషాలు కాల్చాలి, అప్పుడే పొర గట్టిపడతది. గ్యాసు ఖర్చు మిగలాలని ఆ కాల్చుడు తగ్గిస్తే రెండో ఉతుకుకు పువ్వు పోతది. బజారులో దుప్పటి కొనేముందు తెల్ల రుమాలు తడిపి పువ్వు మీద పది సార్లు రుద్దండి, కథ తెలుస్తది. ఈ బైండర్లు చాలావాటిలో గట్టిపడేటప్పుడు ఫార్మాల్డిహైడ్ బయటికి వస్తది. కండ్లు మండి, గొంతు గీరే వాసన అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉండే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దాన్ని మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థాల వరుసలో పెట్టింది. జపాన్‌లో 24 నెలల లోపు పిల్లల బట్టల్లో అది అసలు కనిపించకూడదని నియమం. మన దగ్గర తల్లులు చేసుకోగలిగింది చేసుకోవాలి: బాలింత ఇంటికి కొత్త బట్ట పట్టుకుపోతే ముందు ఉతకండి, ఎండేసి, అప్పుడు బిడ్డకు తొడగండి. కాల్చే మెషిన్ దగ్గర నిలబడే మనిషికి మాత్రం ఉతుకుడు పనికిరాదు. అక్కడ కావాల్సింది పొగను బయటికి గుంజే పెద్ద ఫ్యాను.

నాలుగోది నీళ్లు, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది. సన్నని సింగిల్ నూలుకు బరువులో 8 నుంచి 12 శాతం దాకా పూత పెడతారు. పది శాతం అనుకుంటే, వెయ్యి కిలోల పడుగుకు వంద కిలోల బంక. బట్ట నేసినంక ఆ వంద కిలోలు ఎక్కడికి పోవాలి? కడుగు నీళ్లలోకే. గంజి ఐతే ఎంజైము పెట్టి తీస్తారు. అన్నం నమిలితే తియ్యగా అయ్యేది మన ఉమ్మిలో అలాంటి ఎంజైము ఉండబట్టే. అది గంజి గొలుసును తుంచి చక్కెర చేస్తది. ఆ చక్కెర నీళ్లు నాలాలోకి పోతే సూక్ష్మజీవులు పండగ చేసుకొని నీళ్లలో ప్రాణవాయువంతా తాగేస్తాయి, చేపకు మిగలదు. పీవీఏ కథ తలకిందులు. దానికి ఎంజైము అక్కరలేదు, వేడి నీళ్లకే వదులుతది, కాని నాలాలో సామాన్య జీవులు దాన్ని తొందరగా తినలేవు. నురగ కట్టుకుంటూ దూరం పోతది. బట్టను కడగకముందే ఎక్కువ వేడి తగిలితే అది ఇంకా మొండికేసి బట్టకే పట్టుకుంటది.

దీనికి దారి లేక కాదు. కడిగిన నీళ్లను సన్నని జల్లెడ లాంటి పొరల గుండా తోసి పీవీఏను వెనక్కి తీసి మళ్ల సో బాక్స్‌లో పోసే పద్ధతి అమెరికా మిల్లుల్లో 1970ల నుంచే ఉంది. గంజిని అట్ల తీయలేం, ఎంజైము దాన్ని ముక్కలు చేసేసింది కాబట్టి. కాని వెనక్కి తియ్యాలంటే సైజింగ్, నేత, కడుగుడు ఒక్క కప్పు కింద ఉండాలి. మన దగ్గర సైజింగ్ ఒకనిది, సాంచాలు ఇంకొకనివి, కడుగుడు ఇంకో ఊరిలో. ఎవని బంక ఎవని నాలాలో పోతదో ఎవనికీ పట్టదు. పెద్ద మిల్లులు మూతపడి ముక్కలు ముక్కలుగా పని చెదిరినంక మనం పోగొట్టుకున్నవాటిలో ఇదీ ఒకటి, దీని గురించి ఎవరూ మాట్లాడరు.

డబ్బాలో ఏముందో అడిగే హక్కు సంగతి కూడా చెప్పి ఆపుతా. భోపాల్ దుర్ఘటన 1984లో జరిగింది. దాని తర్వాత 1987లో, 1948 నాటి ఫ్యాక్టరీ చట్టాన్ని సవరించి, పనిలో వాడే పదార్థాల ప్రమాదం గురించి మాలక్ దగ్గర సమాచారం తీసుకునే హక్కు కార్మికునికి రాసిచ్చారు. ఆ చట్టం కరెంటు మీద పది మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోటికే వర్తించేది. 2020లో పార్లమెంటు చేసిన కొత్త కోడ్‌లో ఆ సంఖ్యను 20 చేశారు. మన సాంచా షెడ్డులు ఎన్నింటిలో ఇరవై మంది ఉంటారో మీరే లెక్కపెట్టండి. చట్టం ఉన్నా లేకున్నా ప్రతి బైండర్ డబ్బాకు కంపెనీ ఒక భద్రతా పత్రం ఇస్తది. సేఫ్టీ డేటా షీట్ అంటారు. మందు అమ్మినోణ్ని అడిగితే ఫోనుకు పంపుతాడు. ఇంగ్లీషులో ఉంటది. ఇంట్లో చదువుకున్న పిల్లతో చదివించుకోండి: చర్మానికి తగిలితే ఏం చెయ్యాలి, కంట్లో పడితే ఏం చెయ్యాలి, వేడి చేస్తే ఏ గ్యాసు వస్తది. ఈ మూడు తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించి సో బాక్స్ పక్క గోడకు అంటించండి. ఆవిరి తగిలే గోడ కాబట్టి మైదా పెట్టొద్దు, తెల్ల బంకా నిలవదు, మేకు కొట్టి వేలాడదీయండి.